సెక్షన్ సరిగ్గానే ఉంది, ఫైలే తప్పింది: ప్రాసెస్ చేసిన సీస్మిక్ డేటాను సెగ్‌-వైలోకి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

చంద్రగిరి పొలాల మీదుగా శేషాచలం అడుగుదాకా ఒకటిన్నర కిలోమీటరు పొడవున ఒక 2డీ సీస్మిక్ లైను వేశారనుకుందాం. అంటే నేలను కొట్టి, లోపలి పొరల నుంచి తిరిగొచ్చే తరంగాలను రికార్డ్ చేశారన్నమాట. 5 మీటర్లకొక జియోఫోన్, అంటే నేల కంపనాన్ని పట్టే పరికరం. ప్రాసెసింగ్ ముగిసేసరికి 2.5 మీటర్ల ఎడంతో 600 సీడీపీలు (తరంగాలు ప్రతిఫలించిన చోట్లు; ఒక్కోదానికి ఒక ట్రేస్, అంటే కాలంతోపాటు కంపనం ఎలా మారిందో చెప్పే సంఖ్యల వరుస), సున్నా నుంచి ఒక సెకను దాకా మిల్లీసెకనుకొక శాంపిల్. స్క్రీన్ మీద సెక్షన్, అంటే ఆ ట్రేస్‌లన్నీ పక్కపక్కన పేర్చిన నిలువుకోత బొమ్మ, చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని సీస్మిక్ డేటా ఇచ్చిపుచ్చుకునే ఫైలు రూపమైన సెగ్‌-వైలోకి ఎక్స్‌పోర్ట్ చేసి పంపిస్తే, అవతల తెరిచినవారికి లైను అరేబియా సముద్రంలో కనిపిస్తుంది. లేదా బండ 140 మీటర్లు లోతుకు దిగిపోతుంది. ప్రాసెసింగ్‌లో తప్పేమీ లేదు. చివరి పది నిమిషాల్లో, ఎక్స్‌పోర్ట్ విండోలో ఖాళీగా వదిలేసిన నాలుగు గడుల దగ్గరే అంతా తేడా కొట్టింది.

ఫైలు అందుకునేవారు ఆ పొలాన్ని చూసి ఉండరు. ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్‌లోని డేటాబేస్ వారి దగ్గర ఉండదు. షాట్లు (నేలను కొట్టిన దెబ్బలు) ఎక్కడ పడ్డాయో, ఏ డేటమ్‌కు (సమయాన్ని లెక్కించే ప్రామాణిక ఎత్తుకు) దించారో, ఎంత గెయిన్ ఇచ్చారో (సంకేతాన్ని ఎంత పెంచారో) వారికి తెలిసే దారి ఆ ఫైలొక్కటే. డేటా ఆయుష్షు సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువన్న సంగతి కూడా మరవకూడదు. 1970వ దశకంలో కావలి నుంచి ఉడిపి దాకా కడప బేసిన్‌ను అడ్డంగా కోస్తూ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ సుమారు 600 కిలోమీటర్ల మేర డీప్ సీస్మిక్ సౌండింగ్ (తరంగాలతో భూపటలం లోతుల పరీక్ష) చేసింది. ఆ రికార్డులను దశాబ్దాల తర్వాత కూడా కొత్త పద్ధతులతో మళ్లీ చదివారు. ఈరోజు రాసే ఫైలు కూడా అలా ఎవరి చేతికో, ఎప్పుడో అందుతుందని అనుకునే రాయాలి.

25,50,000 బైట్లు

సెగ్‌-వై ఫార్మాట్‌ను సొసైటీ ఆఫ్ ఎక్స్‌ప్లొరేషన్ జియోఫిజిసిస్ట్స్ 1975లో ప్రకటించింది. 2002లో రివిజన్ 1, 2017లో రివిజన్ 2 వచ్చాయి. టేపు రీళ్ల కాలంలో పుట్టింది కాబట్టి దాని ఒడ్డూ పొడవూ అన్నీ బైట్ల లెక్కే. హెడర్ అంటే డేటా గురించిన వివరాల భాగం. మొదట 3200 బైట్ల టెక్స్ట్ హెడర్: వరుసకు 80 అక్షరాల చొప్పున 40 వరుసలు. తర్వాత 400 బైట్ల బైనరీ హెడర్. ఆ పైన ఒక్కో ట్రేస్‌కూ 240 బైట్ల హెడర్, దాని వెనకే శాంపిళ్లు.

ఈ లెక్క నోటికి వస్తే ఫైలు తెరవకుండానే సగం తనిఖీ అయిపోతుంది. పై లైనునే తీసుకుందాం. సున్నా నుంచి ఒక సెకను దాకా మిల్లీసెకనుకొకటి అంటే 1000 కాదు, 1001 శాంపిళ్లు. సున్నా దగ్గరి శాంపిల్‌ను లెక్కలోంచి జారవిడవడం మామూలు. శాంపిల్‌కు 4 బైట్ల చొప్పున 4004, హెడర్ 240 కలిపితే ట్రేస్‌కు 4244 బైట్లు. దాన్ని 600తో గుణించి 3600 కలిపితే సరిగ్గా 25,50,000. ఫైలు సైజు దీనికి ఒక్క బైటు తేడా వచ్చినా ఏదో జరిగిందన్నమాట. సరిగ్గా 3200 ఎక్కువైతే అదనపు టెక్స్ట్ హెడర్ చేరింది. బైనరీ హెడర్‌లో 3505–3506 బైట్లలో దాని సంఖ్య ఉండాలి. 4244 తక్కువైతే ఒక ట్రేస్ పోయింది. దాదాపు సగమైతే 16 బిట్ల శాంపిళ్లుగా రాసేశారు.

ట్రేస్‌లు పోవడానికి ఒక కారణం, చచ్చిన, అంటే సంకేతం రాని, ట్రేస్‌లను సాఫ్ట్‌వేర్ తనంతట తాను తీసేయడం. వాటిని తీసేయకూడదు. శాంపిళ్లన్నీ సున్నా చేసి, ట్రేస్ హెడర్ 29–30 బైట్లలో 2 అని రాసి ఉంచాలి. తీసేస్తే సీడీపీ నంబర్ల వరుస తెగుతుంది. కొన్ని ప్రోగ్రాములు ఆ ఖాళీని గమనించకుండా మిగతావాటిని పక్కకు జరిపి అతికిస్తాయి.

లైను సముద్రంలో ఎందుకు తేలుతుంది?

ఎక్కువ ఫైళ్లు చెడేది కోఆర్డినేట్ల దగ్గరే. ప్రాసెసింగ్ చేసేవారు జామెట్రీని, అంటే షాట్లు, జియోఫోన్ల స్థానాలను, మొదట్లో ఒకసారి ఎక్కించి ఇక దాని జోలికి పోరు. ఎక్స్‌పోర్ట్ వేళ అది హెడర్‌లోకి సరిగ్గా దిగిందో లేదో చూడాలన్న ఆలోచనే రాదు.

సీడీపీ ఎక్స్ విలువ ట్రేస్ హెడర్‌లో 181–184 బైట్లలో, వై విలువ 185–188లో ఉంటాయి. రెండూ పూర్ణాంకాలే, దశాంశం పట్టదు. అందుకే 71–72 బైట్లలో ఒక స్కేలర్ పెట్టారు. అది రుణ సంఖ్య అయితే భాగించాలి, ధన సంఖ్య అయితే గుణించాలి. భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో తిరుపతి ఊరు 44 ఉత్తర జోన్‌లో ఉంది. అక్కడ ఎక్స్ సుమారు 3,29,000, వై సుమారు 15,07,000 మీటర్లు. ఎక్స్ 3,29,083.45 అనుకుంటే హెడర్‌లో 3,29,08,345 అని రాసి స్కేలర్ గడిలో మైనస్ 100 పెట్టాలి.

స్కేలర్ మరిచిపోయి సున్నా వదిలేస్తే చదివే ప్రోగ్రాము దాన్ని 1గా తీసుకుంటుంది. అప్పుడు ఎక్స్ 32,908 కిలోమీటర్లవుతుంది. భూమి చుట్టుకొలతే సుమారు 40 వేల కిలోమీటర్లు. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటపడుతుంది కాబట్టి నష్టం తక్కువ. ప్రమాదమంతా చిన్న తప్పులతోనే. స్కేలర్ 1 పెట్టి, విలువలను మీటర్లకు గుండ్రం చేసి రాస్తే పటం మీద లైను సరైన చోటే కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే 2.5 మీటర్ల ఎడం ఒకచోట 2, ఇంకోచోట 3 అయి మెట్లు మెట్లుగా ఉంటుంది. డిగ్రీలనే దశాంశాల్లో రాసి మైనస్ 10,000 స్కేలర్ పెట్టడం అంతకన్నా చెడ్డది. అక్కడ అతి చిన్న మెట్టే 11 మీటర్లు కాబట్టి నాలుగైదు సీడీపీలు ఒకే చోట కుప్ప పడతాయి. కచ్చితత్వం పేరుతో మీటర్లకు మైనస్ 10,000 పెడదామన్నా కుదరదు. వై విలువ 1,507 కోట్లకు చేరుతుంది, నాలుగు బైట్ల గడిలో పట్టేది 214 కోట్లు దాటదు. పొంగిపోయిన సంఖ్య రుణమై బయటికొస్తుంది. మైనస్ 100 చాలు. సెంటీమీటరు కచ్చితత్వం కన్నా ఎక్కువ ఈ పనికి అక్కర్లేదు.

ఎత్తుల స్కేలర్ వేరే ఉంటుంది, 69–70 బైట్లలో. కోఆర్డినేట్లది సరిచేసి దీన్ని వదిలేస్తే లైను సరైన చోటే ఉన్నా, 160 మీటర్ల ఎత్తున ఉండాల్సిన నేల 16,000 మీటర్ల ఎత్తుకు లేస్తుంది.

జోన్ సంగతి ఇంకా చిత్రం. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది. కుప్పంతో సహా చిత్తూరు, తిరుపతి జిల్లాలు మొత్తం 44లోకి వస్తాయి. ప్రయాణానికి నాలుగైదు గంటల దూరంలో ఉన్న బెంగళూరు 43లో ఉంది. అక్కడి పాత ప్రాజెక్టు టెంప్లేట్‌ను కాపీ చేసి ఇక్కడి లైనుకు వాడితే రెండు రకాల తప్పు జరుగుతుంది. లెక్క కట్టడమే 43లో జరిగితే ఎక్స్ 3,29,000కు బదులు 9,78,000 దగ్గర వస్తుంది; సంఖ్య చూడగానే పట్టేయవచ్చు. సంఖ్యలు 44వే ఉండి, టెక్స్ట్ హెడర్‌లో మాత్రం 43 అని మిగిలిపోతే లైను సరిగ్గా ఆరు డిగ్రీలు పడమరకు జరుగుతుంది. తిరుపతికి ఆరు డిగ్రీల పడమర అంటే మంగళూరు తీరం దాటాక అరేబియా సముద్రం.

పాత టోపోషీట్ల నుంచి ఎత్తిన పాయింట్లు కలిస్తే మరో చిక్కు. తిరుపతి ప్రాంతపు 57 ఓ షీటు ఎవరెస్ట్ స్ఫిరాయిడ్ అనే పాత భూ ఆకార నమూనా ఆధారంగా గీసింది, జీపీఎస్ ఇచ్చేది డబ్ల్యూజీఎస్ 84. రెండింటి మధ్య ఈ ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తేడా ఉంటుంది. ఆ తేడా లైను పొడవుతో పోలిస్తే చిన్నదే కాబట్టి పటం మీద అనుమానం రాదు. బోరు వేయడానికి పాయింట్ పెట్టినప్పుడు బయటపడుతుంది.

1 ఎందుకు 9 అవుతుంది?

బైనరీ హెడర్‌లో 3225–3226 బైట్లు శాంపిళ్లు ఏ రూపంలో ఉన్నాయో చెబుతాయి. 1 అంటే ఐబీఎం ఫ్లోట్, 5 అంటే ఐఈఈఈ ఫ్లోట్; దశాంశ సంఖ్యలను బైట్లలో రాసే రెండు వేర్వేరు పద్ధతులివి. 1975లో రెండోది ఈ ప్రమాణంలో లేదు, 2002లో చేరింది. ఇప్పటికీ చాలా ప్రోగ్రాములు అలవాటుగా ఐబీఎం రూపంలోనే రాస్తాయి. రాసింది ఒకటి, గడిలో వేసిన కోడ్ ఇంకోటి అయిన ఫైళ్లు తరచూ కనిపిస్తాయి.

ఆ తప్పు ఎలా ఉంటుందో నాలుగు బైట్లలోనే చూడవచ్చు. 1 అనే విలువను ఐబీఎం రూపంలో రాస్తే హెక్సాలో 41 10 00 00 వస్తుంది. అవే నాలుగు బైట్లను ఐఈఈఈ అనుకుని చదివితే 9 అవుతుంది. 16ను రాస్తే 42 10 00 00. దాన్ని తప్పుగా చదివితే 36. అంటే పదహారు రెట్లున్న తేడా నాలుగు రెట్లకు కుదించుకుపోయింది. గుర్తు బిట్ రెండు రూపాల్లోనూ ఒకే చోట ఉంటుంది కాబట్టి ధన శిఖరం ధనంగానే, రుణ లోయ రుణంగానే ఉంటాయి. శిఖరాలు అదే సమయాల్లో కనిపిస్తాయి. సెక్షన్ మొత్తం మీద ఏజీసీ (బలాబలాలను తనంతట తాను సమం చేసే గెయిన్) కొట్టినట్టు బలహీన రిఫ్లెక్షన్లు పైకి లేచి, బలమైనవి అణగి, చూడటానికి ఇంకా బాగున్నట్టే ఉంటుంది. ఈ తప్పు నెలల తరబడి బయటపడకపోవడానికి కారణం అదే. ఆంప్లిట్యూడ్‌ను, అంటే సంకేతం బలాన్ని, బట్టి ఏదైనా తేల్చాలనుకున్న రోజున మాత్రం ఆ డేటా దేనికీ పనికిరాదు. తిరగేసి, ఐఈఈఈ డేటాను ఐబీఎం అనుకుని చదివితే తేడాలు విపరీతంగా పెరిగి నాలుగైదు బలమైన గీతలు తప్ప ఏమీ కనిపించదు. అది వెంటనే తెలిసిపోతుంది.

ఎక్స్‌పోర్ట్‌కు ముందు డేటాలో నాన్ విలువలు, అంటే సంఖ్య కాని విలువలు ఉన్నాయేమో చూడాలి. మ్యూట్ చేసి డేటాను తుడిచేసిన చోట, సున్నాతో భాగించిన చోట అవి పుడతాయి. ఐఈఈఈలో వాటికి చోటుంది, ఐబీఎంలో లేదు. మార్చినప్పుడు అవి ఏదో పెద్ద సంఖ్యగా మారి, డిస్‌ప్లే స్కేలింగ్ అంతా ఆ ఒక్క శాంపిల్ చుట్టూ తిరుగుతుంది. మిగతా సెక్షన్ తెల్లగా ఉంటుంది.

బైట్ల వరుస గురించి రెండు ముక్కలు. సెగ్‌-వైలో పెద్ద బైటు ముందు రావాలి. ఇప్పటి కంప్యూటర్లు లోపల చిన్న బైటు ముందు పెట్టుకుంటాయి. మంచి సాఫ్ట్‌వేర్ దానంతట అదే తిప్పుతుంది. సొంతంగా రాసుకున్న చిన్న ప్రోగ్రాములే దీన్ని మరిచిపోతాయి. రివిజన్ 2లో చిన్న బైటు ముందు పెట్టడానికీ అనుమతి ఉంది. ఏది ముందో చెప్పడానికి 3297–3300 బైట్లలో 1,69,09,060 అనే సంఖ్య రాస్తారు; హెక్సాలో అది 01 02 03 04. ఆ నాలుగు ఏ వరుసలో కనిపిస్తే ఫైలు ఆ వరుసలో ఉన్నట్టు.

కాలం ఎక్కడి నుంచి మొదలు?

శాంపిళ్ల మధ్య ఎడం మైక్రోసెకన్లలో, రెండు బైట్ల పూర్ణాంకంగా, బైనరీ హెడర్‌లో 3217–3218 దగ్గర, ప్రతి ట్రేస్‌లో 117–118 దగ్గర ఉంటుంది. ఒక మిల్లీసెకను అంటే 1000. చమురు వెతికే డేటాకు ఇది చాలు. మన ప్రాంతంలో ఎక్కువగా జరిగేది తక్కువ లోతు పని: వంతెన పునాదులు, సొరంగాలు, చెరువు కట్టలు, బోర్లకు బండ లోతు చూడటం. ఆ రికార్డర్లలో 0.0625 మిల్లీసెకన్ల ఎడం కూడా ఉంటుంది. అంటే 62.5 మైక్రోసెకన్లు. గడిలో అర పట్టదు కాబట్టి 62గా కత్తిరిస్తారు. అది 0.8 శాతం తప్పు. 100 మిల్లీసెకన్ల దగ్గరున్న ఫస్ట్ బ్రేక్ (మొదటి తరంగం చేరిన సమయం) 99.2 దగ్గర కనిపిస్తుంది. రిఫ్రాక్షన్ (కింది పొర వెంట వంగి వచ్చే తరంగాలతో చేసే) పనిలో పనికొచ్చే సిగ్నల్ సాధారణంగా కొన్ని వందల హెర్ట్‌జ్ లోపే ఉంటుంది. అందుకే యాంటీ ఏలియాస్ ఫిల్టర్ వేసి 125 లేదా 250 మైక్రోసెకన్లకు రీశాంపిల్ చేసి రాయడమే సుఖం. రివిజన్ 2లో దశాంశ ఎడం రాసే గడి ఉంది, అవతలివారి ప్రోగ్రాము దాన్ని చదువుతుందని తెలిస్తేనే దాని మీద ఆధారపడాలి.

మొదలయ్యే సమయం 109–110 బైట్లలో, మిల్లీసెకన్లలో రాయాలి. తక్కువ లోతు రికార్డర్లు ఇచ్చే సెగ్‌-2 ఫైళ్లలో ఇదే విలువ డిలే అనే పేరుతో సెకన్లలో ఉంటుంది. ట్రిగ్గర్‌కు (దెబ్బ పడ్డ క్షణానికి) 10 మిల్లీసెకన్ల ముందు నుంచి రికార్డ్ చేస్తే అక్కడ మైనస్ 0.01, ఇక్కడ మైనస్ 10. కన్వర్టర్ దీన్ని వదిలేస్తే ఫస్ట్ బ్రేకులన్నీ 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినట్టు కనిపిస్తాయి. పైన మట్టిలో వేగం సెకనుకు 500 మీటర్లు, కింద గ్రానైట్‌లో 4500 అనుకుంటే, ఇంటర్‌సెప్ట్ టైమ్ పద్ధతిలో ఆ 10 మిల్లీసెకన్లు రెండున్నర మీటర్ల లోతుగా తేలతాయి. పునాదికి ఎంత తవ్వాలో లెక్కగట్టే ఇంజినీరుకు అది చిన్న తేడా కాదు. చిత్తూరు వైపు బోరు బండివారు కేసింగ్ ఎన్ని అడుగులు దిగిందో రాసిపెడతారు. కేసింగ్ సాధారణంగా గట్టి బండ తగిలేదాకానే దింపుతారు కాబట్టి పక్క బోర్ల కేసింగ్ లోతుతో పోల్చి చూడటం ఇలాంటి తప్పులు పట్టడానికి చవకైన, నమ్మదగిన మార్గం.

డేటమ్ గురించి రాయని ఫైలు సగం ఫైలే. తిరుపతి ఊరు సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది, కొండ అడుగు నుంచి నేల వేగంగా లేస్తుంది. ఇలాంటి చోట ప్రాసెసింగ్ డేటమ్‌ను నేలకన్నా పైన, 300 మీటర్ల దగ్గర పెట్టుకోవడం మామూలే. రీప్లేస్‌మెంట్ వేగం (నేలకూ డేటమ్‌కూ మధ్య ఉన్నట్టు ఊహించే పొర వేగం) సెకనుకు 2500 మీటర్లు తీసుకుంటే, ఊరి దగ్గర 140 మీటర్ల తేడాకు రానుపోను 112 మిల్లీసెకన్లు. సెక్షన్‌లో సున్నా సమయం అంటే నేల కాదు, నేలకు 140 మీటర్ల పైన ఊహించుకున్న గీత. ఆ మాట ఎక్కడా లేకపోతే చదివేవారు సున్నానే నేల అనుకుంటారు. డేటమ్ ఎత్తు, రీప్లేస్‌మెంట్ వేగం, దించింది నేల ఎత్తును అనుసరించే తేలే డేటమ్‌కా, చదునైన చివరి డేటమ్‌కా అన్న మూడూ టెక్స్ట్ హెడర్‌లో ఉండాలి. ట్రేస్‌కు ఎంత స్టాటిక్ (డేటమ్‌కు తెచ్చే సమయ సవరణ) వేశారో 103–104 బైట్లలో రాస్తే ఇంకా మేలు, దాన్ని తిరగదిప్పుకోవచ్చు.

డెప్త్ సెక్షన్ రాసేటప్పుడు సెగ్‌-వై పాత గడుల్లో మీటర్లకు వేరే చోటు లేదు. మీటరుకొక శాంపిల్ ఉంటే ఎడం గడిలో 1000 వేయడం అలవాటు. అందుకే తెరిచిన ప్రోగ్రాముకు అది ఒక మిల్లీసెకనులా కనిపిస్తుంది. నిలువు అక్షం లోతు అని, యూనిట్ మీటర్లని పెద్దక్షరాల్లో టెక్స్ట్ హెడర్‌లో రాయక తప్పదు.

ఆంప్లిట్యూడ్, పోలారిటీ

తిరుమల ఘాట్ రోడ్డులో నగరి క్వార్ట్‌జైట్ కింద పాత గ్రానైట్ కనిపించే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ (రెండు వేర్వేరు కాలాల రాళ్ల మధ్య హద్దు) చాలామందికి తెలిసినదే. జియొలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. కంటికి అంత స్పష్టంగా కనిపించే హద్దు కూడా సీస్మిక్‌లో బలంగా పలకనక్కర్లేదు. క్వార్ట్‌జైట్‌కూ గ్రానైట్‌కూ వేగం, సాంద్రత దగ్గర దగ్గరగా ఉంటాయి. అలాంటి బలహీన రిఫ్లెక్షన్‌ను నమ్మాలా వద్దా అన్నది దాని ఆంప్లిట్యూడ్, పోలారిటీ మీదే ఆధారపడుతుంది. 8 బిట్లలో ఎక్స్‌పోర్ట్ చేస్తే 256 మెట్లే మిగులుతాయి. బలమైన బండ రిఫ్లెక్షన్‌కు స్కేల్ కుదిరితే, బలహీనమైనది ఒకటి రెండు మెట్లలో కలిసిపోతుంది. డిస్క్ ఇంత చవకైన రోజుల్లో 32 బిట్ల ఫ్లోట్ తప్ప వేరేది రాయడానికి కారణం లేదు.

డిస్‌ప్లే కోసం వేసిన ఏజీసీ ఎక్స్‌పోర్ట్‌లోకి జారిపోవడం మరో తరచు తప్పు. గెయిన్ లేని ఫైలు, గెయిన్ ఉన్న ఫైలు రెండూ వేర్వేరు పేర్లతో ఇవ్వాలి. ఏజీసీ కిటికీ ఎన్ని మిల్లీసెకన్లో రెండోదాని హెడర్‌లో రాయాలి. పోలారిటీకి ‘నార్మల్’ అని ఒక్క మాట రాస్తే సరిపోదు, ఆ మాటకు ఒక్కో చోట ఒక్కో అర్థం ఉంది. ఇంపీడెన్స్ (వేగాన్ని సాంద్రతతో గుణిస్తే వచ్చేది) పెరిగిన చోట ధన శిఖరం వస్తుందా, రుణ లోయ వస్తుందా అన్నది వాక్యంగా రాయాలి. డేటా జీరో ఫేజా (శిఖరం హద్దు మీదే ఉండేది), మినిమమ్ ఫేజా (హద్దు దగ్గర మొదలయ్యేది) అన్నదీ అంతే.

నలభై వరుసలు

టెక్స్ట్ హెడర్ వరుస ప్రతిదీ సీ అక్షరంతో, వరుస సంఖ్యతో మొదలవుతుంది. చాలా ఫైళ్లలో ఈ నలభై వరుసలూ సాఫ్ట్‌వేర్ ముందే నింపిన ఖాళీ నమూనాగానే మిగిలిపోతాయి. మనిషి మనిషికి చెప్పుకోవడానికి ఈ ఫార్మాట్‌లో ఉన్న చోటు ఇదొక్కటే, దాన్నీ వాడుకోకపోవడం బాధాకరం. లైను పేరు, జిల్లా, రికార్డ్ చేసిన తేదీ, సీడీపీ మొదలు చివర, కోఆర్డినేట్ వ్యవస్థ, జోన్, డేటమ్, ప్రాసెసింగ్ మెట్లు వరుసక్రమంలో, పోలారిటీ, ఏ విలువ ఏ బైట్లలో ఉందో — ఇవన్నీ పట్టేంత స్థలం ఉంది. ఆఖరిది అతి ముఖ్యం. రివిజన్ 0లో 181 నుంచి 240 దాకా బైట్లు ఎవరికీ కేటాయించలేదు. అందుకే పాత ఫైళ్లలో ఒక్కొక్కరు ఒక్కో చోట సీడీపీ కోఆర్డినేట్లు దాచారు. ఇప్పటికీ షాట్ ఎక్స్ ఉండాల్సిన 73వ బైటు దగ్గర సీడీపీ ఎక్స్ పెట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి.

పాత పద్ధతిలో ఈ అక్షరాలు ఎబ్‌సిడిక్ అనే ఐబీఎం అక్షర కోడ్‌లో ఉంటాయి. ఫైలును హెక్సాలో తెరిస్తే మొదటి బైటు సీ3 అయితే ఎబ్‌సిడిక్, 43 అయితే ఆస్కీ. ఎబ్‌సిడిక్‌లో ఖాళీ చోటు కోడ్ 40. ఆస్కీలో అదే అట్ గుర్తు. అందుకే మామూలు ఎడిటర్‌లో తెరిచినప్పుడు ఆ గుర్తులు బారులు తీరి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఫైలు చెడిపోలేదు.

ఊరి పేర్లు తెలుగు లిపిలో రాయాలన్న కోరిక సహజమే. ఈ ఒక్క చోట మాత్రం మానుకోవాలి. నాలుగక్షరాల ‘చంద్రగిరి’ యూనికోడ్‌లో 27 బైట్లు తింటుంది, రోమన్ లిపిలో 11. అసలు ఎబ్‌సిడిక్‌లో తెలుగుకు చోటే లేదు. వరుస 80 బైట్లు దాటితే దాని వెనకున్నవన్నీ జరుగుతాయి. 3200 దాటి బైనరీ హెడర్ మీద పడితే ఫైలు తెరుచుకోదు. తెలుగు పేర్లు, రైతు చెప్పిన పొలం గుర్తులు పక్కన ఒక వేరే ఫైల్లో రాసి జతచేయవచ్చు. రోమన్ స్పెల్లింగ్ ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి. శ్రీకాళహస్తిని మూడు ఫైళ్లలో మూడు రకాలుగా రాస్తే వెతికేటప్పుడు మూడూ దొరకవు.

సీస్మిక్ యూనిక్స్ అనే ఉచిత ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఒక హెచ్చరిక. అది సెగ్‌-వై రాసేటప్పుడు టెక్స్ట్, బైనరీ హెడర్లను అదే ఫోల్డర్‌లో ఉన్న రెండు చిన్న ఫైళ్ల నుంచి తీసుకుంటుంది. నిన్నటి లైను తాలూకు ఫైళ్లు అక్కడే పడి ఉంటే, ఇవాళ్టి డేటాకు నిన్నటి పేరు, నిన్నటి జోన్ అంటుకుంటాయి. లైనుకొక ఫోల్డర్ పెట్టుకుంటే ఈ బెడద లేదు.

మిగతా ఫైళ్లు

సెక్షన్ ఒక్కటే ఇస్తే సరిపోదు. వేగాల పట్టిక మామూలు టెక్స్ట్ ఫైలుగా, సీడీపీ, సమయం, వేగం అనే మూడు నిలువు వరుసల్లో ఇవ్వాలి; అది స్టాకింగ్ వేగమా (పైనుంచి అక్కడిదాకా సగటు లాంటిది), ఇంటర్వెల్ వేగమా (ఒక్క పొరది) అన్నది మొదటి వరుసలోనే చెప్పాలి. రిఫ్రాక్షన్ పనిలో ఫస్ట్ బ్రేక్ పిక్‌లు షాట్ స్థానం, జియోఫోన్ స్థానం, సమయంగా ఇస్తే అవతలివారు తమ పద్ధతిలో మళ్లీ మోడల్ కట్టుకోగలరు. టోమోగ్రఫీ మోడల్‌ను, అంటే తరంగాల సమయాల నుంచి కట్టిన వేగాల పటాన్ని, రంగుల బొమ్మగా మాత్రమే ఇవ్వడం పనికిరాని పని. ఎక్స్, ఎత్తు, వేగం సంఖ్యలుగా ఇవ్వాలి, కిరణాలు వెళ్లని గడులను ఖాళీగా వదలాలి.

సెగ్‌-2 నుంచి మార్చేటప్పుడు ఆంప్లిట్యూడ్‌ను వోల్టేజిగా మార్చే డీస్కేలింగ్ ఫ్యాక్టర్, ఎన్ని దెబ్బలు కలిపారన్న సంఖ్య చూసుకోవాలి. ఈ రెండూ తరచుగా దారిలో జారిపోతాయి. భూకంప కేంద్రాల డేటా వేరే దారిలో పోతుంది. అక్కడ వాడే మినీసీడ్ ఫైల్లో స్టేషన్ కోడ్, సమయం ఉంటాయి గాని కోఆర్డినేట్లు ఉండవు. స్టేషన్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు తోడుగా ఉండాలి. మినీసీడ్‌లో వాడే స్టైమ్ అనే కుదింపు పద్ధతి పూర్ణాంకాలకే. ఫిల్టర్ చేసిన దశాంశ డేటాను అందులో పెట్టాలని గుండ్రం చేస్తే చిన్న సంకేతాలు సున్నా అయిపోతాయి, ఫ్లోట్‌గానే రాయాలి. భూకంప డేటాకే వాడే శాక్ ఫార్మాట్‌లో 632 బైట్ల హెడర్, ఫైలుకు ఒకే ట్రేస్. పరికరం స్పందనను తీసేశారా లేదా, యూనిట్ ఏమిటి అన్నది పక్కన రాయాల్సిందే.

తిరిగి చదవడం

రాసిన ప్రోగ్రాముతోనే తెరిచి చూస్తే తనిఖీ అయినట్టు కాదు. అది తన తప్పును తానే సర్దుకుని చదువుతుంది. వేరే ప్రోగ్రాము కావాలి. ఓపెన్‌డిటెక్ట్ గానీ, పైథాన్‌లో సెగ్‌వైఐఓ, ఆబ్స్‌పై గానీ ఉచితంగానే దొరుకుతాయి. తిరిగి చదివిన డేటాలోంచి అసలు డేటాను తీసివేయాలి. ఐబీఎం రూపంలో రాసి ఉంటే ఏ శాంపిల్‌లోనూ తేడా దాని విలువలో పది లక్షల్లో ఒక వంతుకు మించకూడదు. ఐఈఈఈ అయితే సున్నా రావాలి. ప్రతి హెడర్ గడిలో కనిష్ఠం, గరిష్ఠం తీసి చూడాలి. సీడీపీ కోఆర్డినేట్లను క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఉపగ్రహ చిత్రం మీద పరిచి, లైను పొలం గట్ల వెంట పోయిందా, చెరువు మధ్యలోంచి పోయిందా చూడాలి. పక్క పక్క సీడీపీల మధ్య దూరం గ్రాఫ్ గీస్తే అన్నీ 2.5 దగ్గర ఒక గీతలా రావాలి. మెట్లు కనిపిస్తే స్కేలర్, ఒకచోట ఎగిరితే జామెట్రీ.

పంపేటప్పుడు ఫైలుతోపాటు ఒక చిన్న కాగితం కూడా వెళ్లాలి. బైట్లలో సైజు, షా-256 చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూపే సంఖ్య), మొదటి, చివరి సీడీపీల నంబర్లు, వాటి ఎక్స్, వై, డేటా మొత్తంలో గరిష్ఠ ఆంప్లిట్యూడ్, లైను మధ్యలో ఒక సీడీపీ దగ్గర బండ రిఫ్లెక్షన్ శిఖరం ఏ మిల్లీసెకను మీద ఉందో. అందుకున్నవారు తమ మెషీన్‌లో తెరిచి ఈ సంఖ్యలను సరిపోల్చుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఒక్కటి కలవకపోయినా, హొరైజన్ పికింగ్ (పొరల హద్దులను గుర్తించి గీయడం) మొదలుపెట్టకముందే ఫైలును వెనక్కి పంపాలి.